పావురాల దండలో సినిమా

ఒడిలోకి ఎండ దిగినట్టుంది. ఎండ కాదు, సినిమా డిస్కులు. పొద్దుటినుంచీ బాల్కనీలో కాగిన డిస్కుల దండని సీలు మావయ్య భార్య విప్పి తెచ్చి ఆమె ఒడిలో కుమ్మరించింది, గలగలా, ఒకదాని వీపు మీద ఇంకొకటి గీసుకుంటూ, ఆ గీతలన్నీ తన పళ్ళ మీదే గీసినట్టయింది ఆమెకి, మెల్లగా అత్తయ్యా అనబోయి నోరు కట్టేసుకుంది, ఏడాదిగా వానకి నాని గాలికి కొట్టుకున్నవాటికి ఇప్పుడు మెల్లగా అంటే మాత్రం ఏం లాభం. వేళ్ళు అప్పటికే పనిలో పడ్డాయి. నైలాను తాడు, ముడి, డిస్కు, మళ్ళీ ముడి, మళ్ళీ డిస్కు. ఆమెకి చూపు లేదు. చూపున్నవాళ్ళు డిస్కు పైన అచ్చువేసిన పేరు చూసి గుర్తుపడతారు, ఈ దండలో పేర్లన్నీ ఎండకి వెలిసి సున్నం కొట్టిన గోడలైపోయాయట, ఇందాకే అక్క చెప్పింది, అయితే ఇప్పుడు అందరం గుడ్డివాళ్ళమే, రండి, సమానంగా మొదలెడదాం. డిస్కు మధ్యలో కన్నం చుట్టూ నున్నటి వలయం ఒకటి ఉంటుంది, సినిమా ఉండని చోటు, అక్కడే ఆమె తన గుర్తు పెట్టుకునేది, అక్క గోళ్ళరంగు సీసాతో చిన్న చుక్కలు, ఆరాక ఆవగింజల్లా పొంగి వేలికి తగిలే చుక్కలు. తనకి కావలసినదాని మీద మూడు చుక్కలూ పక్కన ఒక గీతా. దండలో ఎక్కడో ఉంది. ఉండాలి. ఉంటే ఆడాలి. ఆడకపోతే, వద్దు, ఆ మాట పూర్తిచేయకు, వేలు కదుపు.

చుట్టూ సంతాపసభ నడుస్తోంది. సినిమా డిస్కులు వేసే పెద్ద కంపెనీ ఇక వేయం, కొట్లలో ఉన్నవి అమ్ముడైతే అంతే సంగతులు అని ప్రకటించింది, దాంతో డిస్కులు పోగుచేసేవాళ్ళ సంఘం మొత్తం, మొత్తమంటే ఎంత, ఒక సోఫాకీ నాలుగు కుర్చీలకీ సరిపడా, అధ్యక్షుడు సీలు మావయ్య ఇంట్లో ఈ సెలవుపూట మధ్యాహ్నం చేరి ముక్కులు చీదుతోంది. సీలు మావయ్యకి ఆ పేరు ఊరికే రాలేదు, కొన్న డిస్కు మీది ప్లాస్టిక్ పొర చింపడు, చింపితే విలువ పోతుందంటాడు, అలమారా నిండా చూడని సినిమాలే, ధనానికి పాము కాపలా. రెండు కాపీల టీచరు ప్రతిదీ రెండేసి కొంటుంది, ఒకటి చూడ్డానికి, ఒకటి దాచడానికి, చూడ్డానికి కొన్నది కూడా చివరికి దాస్తుంది. పళ్ళ డాక్టరుకి లోపలి డిస్కుతో పనే లేదు, అట్టపెట్టె మూల నలక్కుండా ఉంటే చాలు. ఆమెని వీళ్ళంతా కంప్లయింటు మేడం అంటారు, బ్యాంకులో ఫోను మీద జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం కాబట్టి, నోరు కూడా అలాంటిదే కాబట్టి. మొదటిసారి సంఘంలోకి వచ్చినప్పుడు ఎవరో గుసగుసగా అన్నారు, చూపులేనామెకి సినిమా డిస్కులెందుకండీ అని, గుసగుసగా అంటే వినబడదనుకుంటారు, కళ్ళు లేనివాళ్ళకి చెవులు కూడా లేవనుకుంటారు, లోకంతో వచ్చిన చిక్కే అది. చెవులున్నాయి కాబట్టే కొన్నాను బాబూ. కొన్ని పాత డిస్కుల్లో తెర మీద బొమ్మని మాటల్లో చెప్పే గొంతు ఒకటి అదనంగా ఉంటుంది, మనుషులు మాట్లాడుకోని సందుల్లో మెల్లగా దూరి, ఆమె కిటికీ తెరిచింది, అతని చెయ్యి వణికింది అని చెప్పి తప్పుకునే గొంతు. అది ఉన్న డిస్కులే ఆమె కొంటుంది. మిగతావి ఆమెకి ఉత్త పళ్ళేలు.

మొదటి డిస్కు వలయం నున్నగా ఉంది, ఏమీ లేదు. రెండోది అంతే. మూడోదాని అంచు విరిగింది, వేలు కోసుకుంది, పోనీ. ఇదంతా ప్రేమతో వచ్చిన తంటా, కోపంతో వచ్చినదైతే ఎప్పుడో తేల్చేసేది. నిరుడు సంఘం వార్షికోత్సవానికి ఆమె వెతుకుతున్న ఈ సినిమాకే బంగారు ఎడిషన్ వచ్చింది, బంగారు రంగు పెట్టె, లోపల పుస్తకం, పాత బొమ్మలో లేని మెరుపు, రంగు, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టత, సభ్యులందరూ పాతది వదిలేసి కొత్తది కొన్నారు, పాపం కంప్లయింటు మేడం ఇంకా ఆ పాత డిస్కుతోనే నెట్టుకొస్తోందని జాలిపడి తలా కాస్త వేసుకుని ఆమెకొకటి కొన్నారు, అక్కని పట్టుకుని ఆమెకి తెలీకుండా అరలోంచి పాతది తీయించి పట్టుకుపోయి, దాని చోట కొత్తది పెట్టించారు, పుట్టినరోజు కానుకలా, చప్పట్లతో. ఎవరికి? బొమ్మ కనబడని మనిషికి, బొమ్మ బాగుందని! ఇంటికొచ్చి పెట్టుకుంది, సంగీతం, అడుగుల చప్పుడు, తలుపు, గాలి, మళ్ళీ గాలి. చెప్పే గొంతు లేదు. వెంట్రుకలు లెక్కపెట్టే హడావిడిలో ఆ గొంతుని కత్తిరించి పారేశారు, కొన్నవాళ్ళలో ఒక్కడికీ తెలీదు, ఎందుకంటే ఒక్కడూ ఏనాడూ దాన్ని వినలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నా పాతది ఏదయ్యా అంటే, అలాంటి పాత చెత్తంతా ఎప్పుడో పడేశామమ్మా, దాంతో పనేముంది అన్నాడు సీలు మావయ్య. కొట్లు తిరిగింది, అంతా బంగారం, పాతది ఒక్కటి లేదు. ఫోనులో డబ్బు కట్టి చూసే సినిమాల అంగడిలో వెతికింది, అక్కడ సినిమా ఉంది, గొంతు లేదు, ఆ తర్వాత సినిమా కూడా లేదు, ఈ చిత్రం ప్రస్తుతం అందుబాటులో లేదు అని ఒక యంత్రం తీయగా చెప్పింది. అద్దె బతుకు అంటే అదే, ఇల్లుగలాయనకి బుద్ధి పుట్టినప్పుడు నీ గదికి తాళం వేసుకుపోతాడు, నీ మంచం లోపలుంటుంది, నువ్వు బయట.

"దొరికిందా?" అక్క గొంతు, చెవి పక్కనే.

"వెతుకుతుంటే ఊపిరి పీల్చకే నా మెడ మీద."

"దొరక్కపోతే బాధపడకు. నిజంగా ఆ గొంతు ఉండేదో, నువ్వే ఊహించుకునేదానివో..."

అదిగో. అదీ అసలు ముల్లు. కంపెనీకి ఫోను చేసిన ప్రతిసారీ తన కుర్చీలాంటి కుర్చీలో కూర్చున్నదెవరో తనకి కంఠతా వచ్చిన మాటలే తనకి అప్పజెప్పారు, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ సమస్య మాకు ముఖ్యం, ఒకాయనైతే మేడం తెర కింద అక్షరాలు వస్తాయి కదా అవి చదువుకోండి అన్నాడు, చూపులేదు నాయనా అంటే కాసేపు ఆలోచించి, అక్షరాల సైజు పెంచుకోవచ్చు మేడం అన్నాడు. చివరికి పైవాళ్ళని అడిగి చెప్పారు, ఈ చిత్రానికి అలాంటి గొంతు మేం ఎప్పుడూ వేయలేదు, మా దగ్గర అలాంటిదేమీ లేదు, మీరు పొరబడి ఉంటారు. పొరబడి! ఎప్పుడూ వేయలేదట. వాళ్ళదాన్ని వాళ్ళే పోగొట్టుకుని, పుట్టనే లేదంటున్నారు. అప్పటినుంచీ అక్క జాలిగా మాట్లాడటం మొదలుపెట్టింది, సంఘంలో వాళ్ళు ఊఁ ఊఁ అనడం మొదలుపెట్టారు, ఆ ఊఁ ఏమిటో ఆమెకి తెలుసు, ఫిర్యాదు చేసే ముసలివాళ్ళతో తాను కూడా అనే ఊఁ అది. కళ్ళున్నవాడు లేదంటే లేదు, కళ్ళు లేనిది ఉందంటే భ్రమ. ఒక్కోసారి అర్ధరాత్రి కాదు పట్టపగలే, బ్యాంకులో ఎవరో తన ఖాతా గురించి అరుస్తుండగా, ఆమెకే అనుమానం వచ్చేది, నిజంగా ఊహించుకున్నానా, ఆ గొంతు నాదేనా, ఆ మాటలు నేనే చెప్పుకున్నానా అని. పోయిన వారం ఈ సంతాపసభ గురించి చెప్పడానికి సీలు మావయ్య భార్య ఫోను చేసింది, వెనకాల ఏదో గలగలమంటోంది. అత్తయ్యా, ఆ చప్పుడేంటి? ఏం లేదమ్మా, బాల్కనీలో పావురాలు ఒకటే గోల, అద్దంలా మెరిసేవి కడితే రావట, మీ మావయ్య పనికిరావని పడేసినవి దండ గుచ్చి కట్టాను. పనికిరానివి. దేవుడా, నా సినిమా పావురాల్ని తోలుతోంది.

ముడి, డిస్కు. నున్నగా. ముడి, డిస్కు. ఇది ఒక చుక్క, ఇది తనదేనా, కాదు, పావురం పని, తుడుచుకో. చెప్పే గొంతుకి ఆమె పిన్ని అని పేరు పెట్టుకుంది, చెప్పే పిన్ని, ఎవరో ఏమిటో తెలీదు, పెట్టె మీద ఆవిడ పేరు వేయలేదు, తెర మీద కూడా వేయలేదు, కొంచెం జలుబు చేసినట్టుండే గొంతు, పెద్ద సంగతి చెప్పే ముందు చిన్నగా ఊపిరి తీసుకునేది. అంతకుముందు చెప్పేది అక్క. తెర ఇంకా మసకమసకగా కనబడే రోజుల్లో, తర్వాత అదీ పోయిన రోజుల్లో, హాల్లో పక్క సీట్లో కూర్చుని చెవిలో చెప్పేది, ఇదిగో వాడొచ్చాడు, ఏదో చూస్తున్నాడు, ఛీ ఆ చొక్కా ఏంటి, ఇదిగో ఈమె కూడా వచ్చింది, ఈమె నాకు మొదట్నుంచీ నచ్చలేదు, ఆఁ ఏంటంటావా, ఏం లేదు ఊరికే నిలబడ్డారు. వెనక వరసవాళ్ళు ఉష్ అనేవాళ్ళు, అక్క తిరిగి మీ టికెట్టుకి మీరు చూడండి, మా టికెట్టుకి మేం చూసుకుంటాం అనేది. సినిమా సగం, అక్క సగం. దాన్ని అనకూడదు, ఆ చెయ్యి పట్టుకునే నడక నేర్చుకుంది. కానీ చెప్పేవాడికి వినేవాడు లోకువ, ప్రేమ ఉన్నా లోకువే, ప్రేమ ఉంటే ఇంకాస్త లోకువ. ఈ సినిమా కూడా మొదట అక్క పక్కనే విన్నది. రైలు గేటు కాసే ఆడమనిషి కథ. పచ్చజెండా, ఎర్రజెండా, పొద్దునా సాయంత్రం వెళ్ళే రైళ్ళు, ఒక రైల్లో తిరిగొస్తానని చెప్పిపోయిన మగవాడు, కాచుకోవడం. చివర ఒక్క మాట ఉండదు, ఎంతో సేపు, రైలు రావడం, వెళ్ళడం, గొలుసు చప్పుడు, గాలి. హాలంతా బిగుసుకుని కూర్చుంది. ఏమైందే? ఏమైందే అక్కా? అక్క ముక్కు చీదింది. రైలు ఆగిందే, వాడు దిగాడు, ఇద్దరూ కలిశారు, పద పద అంది. ఆగిన చప్పుడు లేదే? చిన్న గేటు కదా, మెల్లగా ఆగిందిలే. చెవులు చెప్పింది ఒకటి, అక్క చెప్పింది ఒకటి. ఆ వయసులో ఆమె చెవుల్ని నమ్మలేదు, అక్కని నమ్మింది.

అప్పుడే పెళ్ళి తప్పిపోయిన రోజులు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళకి మొదట మసక అని చెప్పారు, తర్వాత పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు, వాళ్ళు రావడం మానేశారు, అంతే కథ, అందులో ఏడవడానికేం లేదని ఆమె అనుకుంది, ఇంట్లో అందరూ మాత్రం గొంతులు తగ్గించి మసిలారు, గిన్నెలు కూడా చప్పుడు కాకుండా పెట్టేవారు. ఆ గొంతులు తగ్గిన ఇంట్లో ఆ సినిమా ముగింపుని అక్క చెప్పినట్టే మోసింది, రైలు ఆగింది, వాడు దిగాడు, అందరి రైలూ ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది, నీదీ ఆగుతుంది. ఎన్నేళ్ళు మోసిందో. తర్వాత ఉద్యోగం, తన జీతం, తన గది, తన ప్లేయరు, మూలనున్న కొట్టులో ఆ సినిమాదే మూడు చేతులు మారిన పాత డిస్కు, రిమోట్ మీద ఏదో నొక్కబోయి ఏదో నొక్కింది, హఠాత్తుగా గదిలో ఎవరో ఆడమనిషి, ఉదయం, గేటు గదికి పైకప్పు రేకు, ఆమె జుట్టు ముడివేసుకుంటుంది అని చెప్పింది. అరిచింది భయంతో. తర్వాత కదలకుండా కూర్చుని చివరిదాకా వింది. రైలు ఆగలేదు. తన చెవులు చెప్పిందే నిజం. రైలు ఆగకుండా పోయింది, ఆ తర్వాత ఆ గేటు మనిషి ఏం చేసిందో పిన్ని చెప్పింది, అది విని ఆమె ఆ గదిలో ఒక్కతే లేచి నిలబడింది, ఎందుకు నిలబడిందో తెలీదు, కుర్చీ పడిపోయింది. నా సినిమా నేను చూశాను. ఎవరి జాలీ కలపకుండా. అక్కకి మాత్రం చెప్పలేదు, నీ అబద్ధం దొరికిపోయిందే అని ఎలా చెబుతుంది, అదెంత ప్రేమతో ఆడిన అబద్ధమో.

మూడు చుక్కలు. వేలు ఆగింది. మళ్ళీ తిప్పింది. మూడు చుక్కలూ, పక్కన గీత, గీత సగం రాలిపోయింది, కానీ అదే, ఎక్కడున్నా ఎరుగుదును నిన్ను. ఏడాది వానకి కంపెనీవాళ్ళ అచ్చు వెలిసిపోయింది, అక్క గోళ్ళరంగు వెలవలేదు. "కత్తెర" అంది. ఎవరో తెచ్చారు, తాడు తెగింది, మిగతావి జారి నేల మీద దొర్లాయి, ఎవరూ పట్టించుకోలేదు. గదిలో ఏడుపు ఆగిపోయింది. అందరూ దగ్గరికొచ్చారు, ఒక్కో ఊపిరి ఒక్కో వైపునుంచి, డాక్టరు దగ్గర పళ్ళమందు వాసన, టీచరు దగ్గర సుద్ద వాసన, సెలవుపూట కూడా.

"అయ్యో, గీతలు చూడండి, రోడ్డు పటంలా ఉంది," అన్నాడు సీలు మావయ్య.

"కింది గీతలతో గొడవ లేదు మావయ్యగారూ, పైపొర చిల్లుపడితేనే ప్రాణం పోయేది. ఇలా లైటుకి పెట్టండి." టీచరు. "ఆఁ, సూదిమొనంత వెలుగు కూడా రావట్లేదు. పొర బతికే ఉంది."

"టూత్‌పేస్టు రాస్తే..." డాక్టరు మొదలుపెట్టాడు.

"అది పళ్ళకి రాయండి. సబ్బునీళ్ళు, మెత్తటి బట్ట. గుండ్రంగా తుడవకండి, మధ్యలోంచి అంచుకి, తిన్నగా." టీచరే అంది.

"నాకూ తెలుసమ్మా ఆ మాత్రం," అన్నాడు సీలు మావయ్య.

"తెలిస్తే పావురాలకెందుకిచ్చారు?" అంది ఆమె. సీలు మావయ్య భార్య వంటింటి గుమ్మంలోంచి, "పావురాలు కూడా ఏం భయపడలేదులే అమ్మా, దాని మీదే కూర్చునేవి" అంది, ఆ మాటకి అందరూ ఒక్కసారి నవ్వారు, నవ్వాక గది తేలికపడింది, ఆమెకి తప్ప.

ఎవరి చేతికీ ఇవ్వలేదు. తానే కడిగింది, తన కొంగుకి కాదు, అక్క కళ్ళజోడు తుడుచుకునే బట్టకి అద్ది, మధ్యనుంచి అంచుకి, మధ్యనుంచి అంచుకి, పసిబిడ్డ వీపు తోమినట్టు. వేలికింద గీతలు తగులుతున్నాయి, ఇది గాలి గీత, ఇది పక్క డిస్కు గీత, ఇది ఏ పావురం గోరో. ప్లేయరు నాలుక చాపింది, ఆమె పెట్టింది, అది మింగింది. ఇక వినడమే. లోపల మోటారు తిరగడం మొదలైంది, సన్నగా, తర్వాత లావుగా, తర్వాత ఒక టక్, ఆగింది, మళ్ళీ మొదటినుంచి, సన్నగా, లావుగా, టక్. డిస్కు మీద మొదటి వరస చదవడానికి లోపలి కన్ను వెతుక్కుంటోంది, అదీ తడుముకునేదే, తనలాంటిదే, వెలుతురు వేసి తడుముతుంది అంతే తేడా, వెతుక్కో తల్లీ, తొందరలేదు, నేనూ అలాగే వెతుక్కున్నాను, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ పాదంతో అడిగి, ఇక్కడున్నావా, ఇక్కడున్నావా, చూపు పోయేటప్పుడు ఒక్కసారి పోలేదు, అంచులనుంచి తినుకుంటూ వచ్చింది, చివరికి మధ్యలో ఒక చిన్న గుండ్రం మిగిలింది, ఆ గుండ్రంలో అక్క ముక్కుపుడక మెరిసేది, తర్వాత అదీ లేదు, డిస్కుకి మాత్రం మధ్యలోనే మొదలు, మధ్యనుంచి అంచుకి చదువుతుంది, నాకు అంచునుంచి మధ్యకి ఆరింది, దీనికి మధ్యనుంచి అంచుకి వెలుగుతుంది, వెలుగు, వెలగవే, టక్. "అయిపోయిందమ్మా, చదవట్లేదు," అన్నాడు సీలు మావయ్య, ఆ గొంతులో అప్పుడే సంతాపం. ఆగండి. "ఎక్కువ తిప్పితే మిషను పాడవుతుంది..." ఆగమన్నానా! మోటారు గొంతు మారింది. మీకు వినబడదు, నాకు వినబడుతుంది, టక్ రావాల్సిన చోట రాలేదు, సన్నగా, ఇంకా సన్నగా, దారి దొరికిన చీమలబారులా తిన్నగా పరుగు. టీవీలోంచి సంగీతం పొంగింది. చింత చచ్చినా పులుపు చావలేదు!

సినిమా మొదలైంది. రైలు పట్టాల మీద దూరంగా సుత్తి దెబ్బ, కాకి, తలుపు కిర్రు. తలుపు తర్వాత చెప్పాలి. చెప్పాలి పిన్నీ, ఉదయం అని. అడుగులు. నీళ్ళు వంపిన చప్పుడు. ఏ గొంతూ లేదు. అడుగులు. అక్క చెయ్యి మెల్లగా వచ్చి ఆమె భుజం మీద వాలింది, ఆ చెయ్యి బరువే చెప్పేస్తోంది, పోనీలే, పోనీలే అని, ఆ పోనీలే వింటేనే ఒళ్ళు మండుతుంది, పుట్టి పెరిగిందంతా పోనీలేల మధ్యే. సీలు మావయ్య, "మేడం, నేనప్పుడే అనుకున్నాను, అలాంటిది..." అని మెత్తగా మొదలుపెట్టాడు. భుజం విదిలించుకుంది. మూర్ఖులారా, గొంతు దానంతటదే పలకదు, పిలవాలి, మీరెప్పుడూ పిలవలేదు కాబట్టి మీకు తెలీదు. "రిమోట్ ఇవ్వండి." పరాయి రిమోట్, బొత్తాలు అడ్డదిడ్డం. "శబ్దం మార్చేది ఏదే అక్కా? శబ్దం పెంచేది కాదు, మార్చేది." అక్క వేలు తీసుకెళ్ళి పెట్టింది. నొక్కింది. వేరే భాష మాటలు. నొక్కింది. ఉత్త సంగీతం. నొక్కింది.

ఉదయం. గేటు గదికి పైకప్పు రేకు. ఆమె జుట్టు ముడివేసుకుంటుంది.

జలుబు చేసిన గొంతు. అదే పిన్ని, అదే ఊపిరి. ఊహించుకోలేదు! ఈ చెవులు ఊహించుకోవు, ఎన్నడూ ఊహించుకోలేదు, ఉన్నదే విన్నాయి, రైలు ఆగలేదంటే ఆగలేదు, గొంతు ఉందంటే ఉంది, కంపెనీ లేదన్నా, కళ్ళున్న లోకమంతా కూర్చుని తల అడ్డంగా ఊపినా ఉంది, విను, వినండి, నవ్విన నాపచేనే పండింది, బాల్కనీలో పండింది, పావురాల కింద పండింది! ఆమె గట్టిగా నవ్వేసింది, నవ్వు ఆగలేదు, నవ్వుతూనే ఏడుపొచ్చింది, ఏడుపుని కొంగుతో కాదు చేత్తో తుడిచి పారేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు, డాక్టరు, తర్వాత అందరూ. రెండు కాపీల టీచరు కళ్ళు మూసుకుని వింటున్నాను మేడం, భలే కనబడుతోంది అంది. సీలు మావయ్య నెమ్మదిగా, "మా ఇంట్లో ఇలాంటి గొంతులు ఇంకెన్ని ఉన్నాయో, నేను చింపితే కదా తెలిసేది" అన్నాడు. చింపండి మావయ్యా, చింపండి, అన్నీ చింపండి, చూడని సినిమా చచ్చిన సినిమాయే, అచ్చు ఆగిపోతే ఆగిపోనీ, మన దగ్గరున్నవి నోరు తెరవాలి ముందు. కిందపడ్డవి ఏరండి, ప్రతిదానికీ ఈ బొత్తాం నొక్కండి, ఏ దాంట్లో ఎవరు మాట్లాడకుండా కూర్చున్నారో లేపండి.

ఆమె అప్పటికే ఫోను తీసింది. కంపెనీ నంబరు వేళ్ళకి వచ్చు. మీ సమస్య మాకు ముఖ్యం అని యంత్రం పాడింది, ఇంకాసేపు పాడింది, ఈలోపు టీచరు చేత సినిమాని చివరి ఘట్టానికి జరిపించింది, అప్పుడు మనిషి పలికాడు, "చెప్పండి మేడం, మీ సమస్య ఏమిటి?"

"సమస్య కాదు బాబూ, సినిమా. మీరు వేయలేదన్న గొంతు. మాట్లాడకుండా విను."

స్పీకరు ముందు ఫోను పెట్టింది. రైలు వస్తోంది. పట్టాలు ముందే సన్నగా మోగాయి. చెప్పే పిన్ని చిన్నగా ఊపిరి తీసుకుంది, ఆమె కూడా తీసుకుంది, పెదాలు కదులుతున్నాయి, మాట మాటా కంఠతా వచ్చు. రైలు ఆగకుండా వెళ్ళిపోతుంది. కిటికీలు, కిటికీలు, ఎవరూ చెయ్యి ఊపరు. ఆమె పచ్చజెండా దించి చుట్టి చంకలో పెట్టుకుంటుంది. గేటు ఎత్తుతుంది. రెండువైపులా ఆగిన బళ్ళు కదులుతాయి, అందరూ దాటిపోతారు. ఇప్పుడు పట్టాల మధ్య ఆమె ఒక్కతే. ఆమె నవ్వుతోంది. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

ఫోనులో కంఠతా వచ్చిన మాటలు కాని మాటలు వినబడ్డాయి, "మేడం... వాడు రాలేదన్నమాట. ఆమె మరి నవ్విందా?"

"నవ్వింది. రాసుకో. ఉందని రాసుకో, విన్నానని రాసుకో."

"రాశాను మేడం. నేను విన్నానని నా పేరుతోనే రాశాను."

ఫోను కట్టేసింది. పక్కన అక్క కదలట్లేదు. దొరికిపోయింది కదా, పాపం, ఇంతమందిలో, అంతకాలం దాచినది. ఆమె చెయ్యి చాపి అక్క మోకాలు వెతికింది. "కోపం లేదే," అంది. "నా కోసమే రైలు ఆపావని నాకెప్పుడో తెలుసు."

"అది కాదే." అక్క ఆ చెయ్యి పట్టుకుంది. "నీ పెళ్ళి తప్పిన వారమే కదా వెళ్ళాం. రైలు రాగానే నాకు ఏడుపొచ్చేసింది, ఇక ఏం కనబడింది నాకు? అంతా నీళ్ళే. ఆగిందో లేదో, దిగాడో లేదో, నేనూ చూడలేదే. ఆమె నవ్విందని నాకూ ఇప్పుడే తెలిసింది."

ఇంతకాలం. ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని, ఇద్దరూ చూడని సినిమా. కళ్ళున్నదీ చూడలేదు, లేనిదీ చూడలేదు, ఎవరో పేరు తెలియని ఆడమనిషి జలుబు గొంతుతో చెబితే ఇద్దరికీ ఇప్పుడు కనబడింది. ఆమెకి మళ్ళీ నవ్వొచ్చింది, ఈసారి అక్కకీ వచ్చింది, అక్క ముక్కు చీది కళ్ళజోడు తీసి బట్ట కోసం తడుముకుంది, బట్ట తడిగా ఉంది, డిస్కు తుడిచింది దాంతోనే.

"మళ్ళీ పెట్టవే," అంది అక్క. "రైలు వచ్చేచోటునుంచి."

వేలు బొత్తాం వెతుక్కుంది. ఇంకెవర్నీ అడగలేదు. బాల్కనీలో పావురాలు ఖాళీ కడ్డీ మీద వాలి గుటురు గుటురుమంటున్నాయి, ఇక వాటిని తోలేది ఏమీ లేదు. రైలు వచ్చింది. ఆగకుండా వెళ్ళింది. గది గదంతా ఆ గేటు మనిషితో పాటు నవ్వింది.